సహాయకురాలి బల్ల నుంచి మంత్రి కుర్చీ దాకా: ఒంటారియోలో లీసా మెక్‌లౌడ్ ప్రస్థానం

సంక్షిప్తంగా: కెనడాలోని ఒంటారియో ప్రొవిన్స్‌లో (మన రాష్ట్రం లాంటిది) 2006 నుంచి 2025 వరకు శాసనసభ్యురాలిగా, అందులో నాలుగేళ్లు మంత్రిగా ఉన్న లీసా మెక్‌లౌడ్ అంతకుముందు ఒక ఎంపీ నియోజకవర్గ కార్యాలయంలో సహాయకురాలు. జనం తెచ్చే ఫైళ్లతో కుస్తీ పట్టే ఆ ఉద్యోగమే ఆమెకు టికెట్ దక్కే స్థాయి తెచ్చింది. మంత్రి అయ్యాక ఆమెకు అప్పగించిన శాఖ కూడా ఆ ఫైళ్లకు పుట్టిల్లే. ఆమెకు పెద్ద ఎదురుదెబ్బ తగిలిందీ అక్కడే. నియోజకవర్గ కార్యాలయం నాయకులకు ఏం నేర్పుతుంది, ఏం నేర్పదు అన్నది ఈ ప్రస్థానంలో స్పష్టంగా కనిపిస్తుంది.

## ఆ కార్యాలయంలో రోజూ జరిగేది

ఒంటారియో శాసనసభలో 124 స్థానాలున్నాయి. 2018 ఎన్నికలకు ముందు 107 ఉండేవి. సభ్యులను అక్కడ ఎంపీపీలు అంటారు. మన మండల పరిషత్ అధ్యక్షులతో పొరబడకుండా ఇక్కడ శాసనసభ్యులు అనే చెప్పుకుందాం. 2021 జనగణన ప్రకారం ఒక్కో నియోజకవర్గంలో సగటున లక్షా పదిహేను వేల మంది ఉండేవారు. 2011 జనగణన ప్రకారం చూస్తే తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక్కో అసెంబ్లీ స్థానానికి రమారమి 2.8 నుంచి 3 లక్షల జనాభా వస్తుంది. అంటే అక్కడి సభ్యుడి మీద పడే జనభారం మన ఎమ్మెల్యే మీద పడేదాంట్లో సగం కూడా లేదు.

సభ మామూలుగా సోమవారం నుంచి గురువారం దాకా టొరంటోలో నడుస్తుంది. సభ్యుడు శుక్రవారాలు, వారాంతాలు, సభకు విరామమిచ్చే నియోజకవర్గ వారాలు సొంత ప్రాంతంలో గడుపుతాడు. మిగిలిన రోజుల్లో కార్యాలయాన్ని నడిపేది సహాయకులే. వీళ్లు సాధారణంగా ఇద్దరు ముగ్గురుంటారు. జీతం శాసనసభ కేటాయించే బడ్జెట్ నుంచి వస్తుంది, పార్టీ నుంచి కాదు. ఆఫీసు ఏ షాపింగ్ ప్లాజాలోనో ఫార్మసీకీ పిజ్జా కొట్టుకీ మధ్య ఉంటుంది. తలుపు తోసుకుని లోపలికి వచ్చేవాళ్లకు ఓటు ఉందా, పౌరసత్వం ఉందా, ఏ పార్టీకి వేశారు అన్న ప్రశ్నలు ఉండవు. ఆ ప్రాంతంలో నివాసముంటే చాలు.

వచ్చే పనుల్లో కొన్ని పేర్లు పదే పదే వినిపిస్తాయి. వికలాంగులకు నెలనెలా భృతి ఇచ్చే ఓడీఎస్‌పీ, ఆదాయం లేనివాళ్లకు సాయమందించే ఒంటారియో వర్క్స్, విడిపోయిన దంపతుల్లో ఒకరి నుంచి మరొకరికి, పిల్లలకు భరణం వసూలు చేసిపెట్టే ఫ్యామిలీ రెస్పాన్సిబిలిటీ ఆఫీస్ ఆ జాబితాలో ముందుంటాయి. వాటి తర్వాత జనన ధ్రువపత్రాలు, ఆరోగ్య కార్డులు, అద్దె తగాదాలు వస్తాయి. మొదటి మూడూ ఒకే శాఖవి. 2018లో మెక్‌లౌడ్ చేతికి వచ్చిన పిల్లల, సామాజిక సేవల శాఖ అదే.

## ఒక ఫైలు నడిచే దారి

ఓడీఎస్‌పీ దరఖాస్తును ఉదాహరణగా తీసుకుంటే సహాయకుల పని ఎలాంటిదో తెలుస్తుంది. మొదట ఆదాయం, ఆస్తుల పరిశీలన జరుగుతుంది. అది దాటితే దరఖాస్తుదారుకు వైకల్య నిర్ధారణ పత్రాల కట్ట ఇస్తారు. అందులో ఆరోగ్య స్థితి నివేదికనూ, రోజువారీ పనుల సూచికనూ వైద్యుడో అర్హత ఉన్న మరో ఆరోగ్య నిపుణుడో నింపాలి. మూడోది స్వీయ నివేదిక, దాన్ని దరఖాస్తుదారే రాసుకోవచ్చు. అన్నీ నింపి 90 రోజుల్లో తిరిగి పంపాలి. వాటిని చూసి నిర్ణయం చెప్పడానికి వేరే విభాగం ఉంది. కాదంటే 30 రోజుల్లో అంతర్గత సమీక్ష కోరాలి. అక్కడా కాదంటే మరో 30 రోజుల్లో సోషల్ బెనిఫిట్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

ఎక్కువ మంది చిక్కుకునేది రెండుచోట్ల. మొదటిది 90 రోజుల గడువు. కుటుంబ వైద్యుడు లేనివాళ్లు ఫారాలు పట్టుకుని అపాయింట్‌మెంట్ లేకుండా చూసే వాకిన్ క్లినిక్‌ల చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతారు. ఈలోగా గడువు కరిగిపోతుంది. అనుభవమున్న సహాయకులు చేసే మొదటి పని గడువు పొడిగించమని రాతపూర్వకంగా అడిగించడం. రెండోది సూచిక. వైద్యుడు జబ్బు పేరు రాస్తాడు గానీ దానివల్ల ఆ మనిషి ఎంతసేపు నిలబడగలడు, తన స్నానం తాను చేసుకోగలడా, బస్సెక్కగలడా అన్నది వివరంగా రాయడు. నిర్ణయం మాత్రం ప్రధానంగా ఆ వివరాల మీదే ఆధారపడి ఉంటుంది. నడుము నొప్పి అని ఒక్క ముక్క రాసిన ఫైలు తిరిగి రావడం ఖాయమని ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు నెల తిరక్కుండానే తెలిసిపోతుంది.

వీటన్నిటికంటే ముందు దరఖాస్తుదారు సంతకం చేసిన సమ్మతి పత్రం ఉండాలి. ప్రొవిన్స్ గోప్యతా చట్టం 42వ సెక్షన్ ప్రకారం, తన తరఫున వాకబు చేయమని ఒక వ్యక్తి శాసనసభ్యుడికి అధికారమిస్తేనే శాఖ ఆ వ్యక్తి వివరాలు బయటపెట్టగలదు. సమ్మతి లేకుండా ఫోన్ చేస్తే అవతలి అధికారి ఆ పేరుతో ఫైలు ఉందో లేదో కూడా చెప్పడు. భార్య పేరిట ఉన్న ఫైలుకు భర్త సంతకం పెట్టడం, పద్దెనిమిదేళ్లు నిండిన కొడుకు తరఫున తండ్రి పెట్టడం తరచూ జరిగే పొరపాట్లు.

## చేతిలో ఉన్నది, లేనిది

తెలుగు రాష్ట్రాలతో అసలు తేడా ఇక్కడే. మన దగ్గర ఎమ్మెల్యే సిఫారసు లేఖతో ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు వెళ్తుంది. కల్యాణలక్ష్మి చెక్కు ఎమ్మెల్యే చేతుల మీదుగా అందుతుంది. నియోజకవర్గ అభివృద్ధి నిధి ఉంటుంది. తెలంగాణలోనైతే ఎమ్మెల్యేలకు ప్రభుత్వమే క్యాంపు కార్యాలయాలు కట్టించింది. ఎమ్మెల్యే పీఏకు ఉన్న పలుకుబడంతా ఆ సంతకం, ఆ చెక్కు, ఆ నిధి నుంచి వచ్చేదే.

ఒంటారియో శాసనసభ్యుడికి పంచిపెట్టే నిధి లేదు. మంజూరు అధికారమూ లేదు. ఆయన సహాయకుడికి మిగిలేవి ఫోను, ఈమెయిలు, శాసనసభ్యుల కార్యాలయాల కోసం శాఖలు పెట్టిన సంప్రదింపు అధికారులు, నిబంధనల మీద పట్టు. ఆగిపోయిన ఫైలును కదిలించగలడు గానీ, వచ్చిన నిర్ణయాన్ని మార్పించలేడు. ట్రిబ్యునల్ ముందున్న కేసులో సభ్యులతో మాట్లాడబోవడం తప్పు. మంత్రులకైతే శాసన సంప్రదాయం ఇంకా కఠినం, ఒక ప్రైవేటు వ్యక్తి తరఫున వాళ్లు ట్రిబ్యునల్‌ను సంప్రదించనే కూడదు. అప్పీలు దాకా వెళ్లిన ఫైలును సహాయకులు ఉచిత న్యాయ సహాయ క్లినిక్‌కు అప్పగించి పక్కకు తప్పుకుంటారు.

అధికారం ఇంత తక్కువగా ఉన్న ఉద్యోగం రాజకీయాల్లో ఎందుకు పనికొస్తుందన్న సందేహం రావచ్చు. పంచడానికి ఏమీ లేదు కాబట్టి పేరు రావాలంటే పని తెలియాలి, అంతకుమించి కిటుకు లేదు. ఏళ్ల తరబడి నిలిచిపోయిన భరణం ఫైలు కదిలితే ఆ ఇంట్లో ఆ సహాయకురాలి పేరు గుర్తుంటుంది. గుడి, చర్చి, గురుద్వారా, మాజీ సైనికుల లెజియన్ హాలు, హాకీ క్లబ్బు కార్యక్రమాలకు సభ్యుడి బదులు తరచూ వెళ్లేదీ ఆమే. నాలుగేళ్లు తిరిగేసరికి ఏ వీధిలో ఏ గొడవ ఉందో, ఏ సంఘంలో ఎవరి మాట చెల్లుతుందో ఆమెకు తెలిసినంతగా సభ్యుడికీ తెలియదు.

## టికెట్ దాకా: నెపియన్ కథ

మెక్‌లౌడ్ పుట్టింది 1974లో, నోవా స్కోషియా ప్రొవిన్స్‌లోని న్యూ గ్లాస్గోలో. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదివి ఒట్టావా చేరారు. నగర కౌన్సిలర్ జాన్ హార్డర్ దగ్గర, ఆ తర్వాత 2004లో ఫెడరల్ (కేంద్ర) ఎంపీగా గెలిచిన పియర్ పొలియెవ్ నియోజకవర్గ కార్యాలయంలో పనిచేశారు. కౌన్సిలర్ దగ్గర మంచు ఎత్తడం, చెత్త బండ్లు, రోడ్ల గుంతలు వస్తాయి. ఎంపీ దగ్గర పాస్‌పోర్టులు, వలస, ఫెడరల్ పింఛన్లు వస్తాయి. రెండు అంచెల ఫైళ్లు చూసిన మనిషికి మధ్యలో ఉన్న ప్రొవిన్స్ అంచె కొత్తగా అనిపించదు.

దీనికి హద్దుల లెక్క తోడైంది. 1999 నుంచి ఒంటారియోలో ప్రొవిన్స్ నియోజకవర్గాలు చాలావరకు ఫెడరల్ నియోజకవర్గాల హద్దులనే అనుసరిస్తూ వచ్చాయి. కాబట్టి నెపియన్–కార్ల్‌టన్ ఎంపీ కార్యాలయంలో పరిచయమైన జనమే దాదాపుగా అదే పేరున్న ప్రొవిన్స్ స్థానంలోనూ ఓటర్లు. మన దగ్గర ఒక లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ స్థానాలు ఉంటాయి. ఎంపీ పీఏకు ఏడింటిలోనూ కొద్దికొద్దిగా పరిచయం, దేనిలోనూ పూర్తి పట్టు ఉండదు. ఒంటారియోలో ఒకటికి ఒకటి కావడంతో ఫెడరల్ కార్యాలయంలో సంపాదించిన పేరు ప్రొవిన్స్ టికెట్‌కు నేరుగా అక్కరకొస్తుంది.

అవకాశం ఉప ఎన్నిక రూపంలో వచ్చింది. ఆ స్థానంలో సభ్యుడిగా ఉన్న జాన్ బెయిర్డ్ 2006 జనవరి ఫెడరల్ ఎన్నికల్లో పోటీకి రాజీనామా చేశారు. ఖాళీ ఏర్పడితే ఆరు నెలల్లో ఉప ఎన్నిక ప్రక్రియ మొదలవ్వాలి. ఇంత తక్కువ వ్యవధిలో బయటి మనిషి సభ్యత్వాలు చేర్పించి, స్థానిక పార్టీ శాఖను తనవైపు తిప్పుకుని, ఇంటింటి ప్రచారానికి బృందం కట్టడం కష్టం. స్థానిక కార్యాలయంలో పనిచేసినవాళ్లకు ఆ బృందం అప్పటికే ఉంటుంది. 2006 మార్చి 30న మెక్‌లౌడ్ ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీ తరఫున గెలిచారు. అదే రోజు విట్‌బీ–ఏజాక్స్‌లో క్రిస్టీన్ ఎలియట్ కూడా గెలిచి సభకు వచ్చారు. 2014లో పార్టీ నాయకత్వానికి పోటీలో దిగిన మెక్‌లౌడ్ తర్వాత తప్పుకుని ఆ ఎలియట్‌కే మద్దతిచ్చారు.

ఆ స్థానంలో ఈ దారి పట్టింది ఆమె ఒక్కరే కాదు. బెయిర్డ్ 1995లో సభకు రాకముందు ఫెడరల్ మంత్రి పెరిన్ బీటీ సిబ్బందిలో ఉండేవారు. పొలియెవ్ కూడా స్టాక్‌వెల్ డే దగ్గర పనిచేసి వచ్చినవారే. నాయకుడి దగ్గర పని నేర్చుకున్నవాళ్లు అదే ప్రాంతంలో నాయకులు కావడం అక్కడ రివాజుగా మారింది. తెలుగు రాష్ట్రాల్లో టికెట్ అధిష్ఠానం చేతిలో ఉంటుంది, ఎన్నిక ఖర్చు కోట్లలో ఉంటుంది, వారసత్వం, కులం లెక్కలు ముందుంటాయి. పీఏ ఎంత తలలో నాలుకలా మెలిగినా ఆ గోడ దాటడం అరుదు. ఒంటారియోలో స్థానిక సభ్యుల ఓటుతో అభ్యర్థిని ఎన్నుకునే పద్ధతి ఉంది. నాయకత్వం నేరుగా అభ్యర్థిని ప్రకటించే సందర్భాలూ ఉంటాయి గానీ అది ఎక్కడైనా గొడవే. 2017 నుంచి కంపెనీలూ యూనియన్లూ పార్టీలకు విరాళమివ్వడం నిషేధం కావడంతో చిన్న మొత్తాలిచ్చే స్థానికుల జాబితాకు విలువ పెరిగింది.

## మంత్రిగా: అవే ఫైళ్లు, బల్లకు అవతలివైపు

పన్నెండేళ్లు ప్రతిపక్షంలో ఉన్నాక 2018 జూన్‌లో డగ్ ఫోర్డ్ నాయకత్వంలో ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీ 124లో 76 స్థానాలు గెలిచింది. మెక్‌లౌడ్‌కు పిల్లల, సామాజిక సేవల శాఖ దక్కింది. నెల తిరిగేసరికి, జులై 31న, రెండు నిర్ణయాలు ప్రకటించారు. గత ప్రభుత్వం తలపెట్టిన 3 శాతం భృతి పెంపును 1.5 శాతానికి తగ్గించడం ఒకటి. ఒంటరి ఓడీఎస్‌పీ లబ్ధిదారుకు గరిష్ఠంగా నెలకు 1,151 డాలర్ల నుంచి 1,169 డాలర్లకు చేరింది. 3 శాతమైతే 1,186 దాకా వచ్చేది. 2022 దాకా మళ్లీ పెంపు లేదు.

రెండోది కనీస ఆదాయ ప్రయోగం రద్దు. హామిల్టన్–బ్రాంట్‌ఫర్డ్, థండర్ బే, లిండ్సే ప్రాంతాల్లో సుమారు 4,000 మందికి మూడేళ్లపాటు షరతుల్లేని ఆదాయమిచ్చి ఫలితాలు చూడాలన్నది 2017లో మొదలైన ఆ పథకం. ఒంటరి వ్యక్తికి ఏడాదికి 16,989 డాలర్ల వరకు ఇచ్చి, సంపాదనలో సగాన్ని అందులోంచి తగ్గించేవారు. ఎన్నికల వేళ పథకాన్ని కొనసాగిస్తామన్న పార్టీయే అధికారంలోకి వచ్చాక ఆపేసింది. చెల్లింపులు 2019 మార్చి 31తో ముగిశాయి. ఖర్చు ఎక్కువ, పని వైపు నడిపించడం లేదన్నది ప్రభుత్వ వాదన. ప్రయోగం పూర్తికాకుండా ఆ మాట ఎలా తేల్చారన్నది విమర్శకుల ప్రశ్న. విధానం మంచిచెడ్డలు పక్కనపెట్టినా ఒక ఫలితం వెంటనే కనిపించింది. మూడేళ్ల లెక్కతో చదువుకో, అద్దె ఇంటికో కట్టుబడినవాళ్లు నేరుగా నియోజకవర్గ కార్యాలయాల తలుపు తట్టారు.

## ఆటిజం లెక్క ఎక్కడ తప్పింది

ఆమె మంత్రిత్వంలో అన్నిటికంటే పెద్ద గొడవ 2019 ఫిబ్రవరి 6న మొదలైంది. ఆటిజం ఉన్న పిల్లల చికిత్స కోసం అప్పటికి దాదాపు 23,000 కుటుంబాలు వరుసలో ఉన్నాయి. సేవలు పొందుతున్నవాళ్లు 8,400 మంది. ఉన్న డబ్బంతా కొద్దిమందికే పోతోంది, అందరికీ కొంత అందాలి, పద్దెనిమిది నెలల్లో వరుస ఖాళీ చేస్తామని ప్రభుత్వం చెప్పింది. సేవకు బదులు కుటుంబానికే నేరుగా డబ్బు ఇవ్వాలన్నది ప్రణాళిక.

లెక్క వయసు మీద నడిచింది. ఆరేళ్ల లోపు పిల్లలకు ఏటా గరిష్ఠంగా 20,000 డాలర్లు, ఆరు నుంచి పద్దెనిమిది దాకా ఏటా 5,000. రెండేళ్లకే చేరిన బిడ్డకు నాలుగేళ్లలో 80,000, మిగతా పన్నెండేళ్లలో 60,000, మొత్తం 1,40,000 డాలర్లు. దీనికి ఆదాయ పరిమితి ఒకటి: కుటుంబ ఆదాయం పెరిగేకొద్దీ మొత్తం తగ్గి, 2,50,000 డాలర్ల దగ్గర సున్నా అవుతుంది.

కాగితం మీద ఇది సమానంగానే కనిపిస్తుంది. కానీ ఆటిజం తీవ్రత బిడ్డ బిడ్డకూ మారుతుంది. వారానికి రెండు గంటల మాటల శిక్షణ సరిపోయే పిల్లలున్నారు, ఏడాదికి 80,000 డాలర్ల దాకా ఖర్చయ్యే తీవ్ర చికిత్స అవసరమయ్యేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఒకే మొత్తమంటే మొదటివాళ్లకు సరిపోతుంది, రెండోవాళ్లకు మూడు నెలలకే అయిపోతుంది. పైగా వరుసలో నిలబడే ఆరేళ్లు దాటించుకున్న పిల్లలకు పెద్ద మొత్తం అందే వయసే గడిచిపోయింది. ఆలస్యం ప్రభుత్వానిది, నష్టం బిడ్డది. తల్లిదండ్రుల ఆగ్రహానికి మూలం ఎక్కువగా ఇదేనని చెప్పొచ్చు.

ప్రకటన వచ్చిన రోజే, అధికార పార్టీ శాసనసభ్యురాలు ఏమీ ఫీ దగ్గర సహాయకుడిగా ఉన్న వ్యక్తి ఉద్యోగం వదిలేశారు. ఆయన గతంలో ఆటిజం తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షుడు. ఏమీ ఫీ స్వయంగా ఆటిజం ఉన్న పిల్లల తల్లి, మెక్‌లౌడ్‌కు పార్లమెంటరీ సహాయకురాలు (మంత్రికి తోడుగా నియమించే శాసనసభ్యురాలు) కూడా. నిరసనలు శాసనసభ భవనం దగ్గరే ఆగలేదు, అధికార పార్టీ సభ్యుల నియోజకవర్గ కార్యాలయాల ముందూ జరిగాయి. మంత్రి తప్ప మరొకరు జవాబు చెప్పలేని ప్రశ్నలకు, ఆ విధానంతో ఏ సంబంధమూ లేని ఆఫీసు సిబ్బంది బదులివ్వాల్సి వచ్చింది.

మార్చిలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆదాయ పరిమితి తీసేసి, అప్పటికే సేవలు పొందుతున్న కుటుంబాలకు ఆరు నెలలు పొడిగించి, వార్షిక కేటాయింపును సుమారు రెట్టింపు చేసి 60 కోట్ల డాలర్లకు చేర్చింది. జూన్ 20న మెక్‌లౌడ్‌ను పర్యాటక, సాంస్కృతిక, క్రీడల శాఖకు మార్చి టాడ్ స్మిత్‌కు ఈ శాఖ ఇచ్చారు. అవసరాన్ని బట్టి కేటాయించాలనే పద్ధతికే తర్వాత మళ్లారు. వరుస మాత్రం తరగలేదు, తర్వాతి ఏళ్లలో ఇంకా పెరిగింది.

నియోజకవర్గ కార్యాలయంలో పనిచేసిన మనిషికి ఇది ముందే తట్టలేదా అన్నది సహజమైన ప్రశ్న. ఆ బల్ల దగ్గర నేర్చుకునే విద్య మినహాయింపుల విద్య. ఈ ఒక్క ఫైలు ఎందుకు ఆగింది, దీన్ని ఎలా కదిలించాలి అన్నదే అక్కడి ఆలోచన. మంత్రి కుర్చీలో ఫైలు కనిపించదు. వరుస పొడవు, బడ్జెట్ అంకె, ఆర్థిక శాఖ పెట్టిన గీత కనిపిస్తాయి. వరుసలో ఉన్నవాళ్లూ ఆ కార్యాలయాలకే మొరపెట్టుకునేవారు, సేవ పొందుతున్నవాళ్లు ఆ గడప తొక్కాల్సిన అవసరం అంతగా ఉండదు. ఫిర్యాదుల లెక్కన చూస్తే వరుసను కరిగించడమే అసలు పని అనిపిస్తుంది, సేవ నిలిచిపోతే ఏమవుతుందో ఆ లెక్కలో కనిపించదు. ఇది ఆమె మనసులో నడిచిన ఆలోచన అని చెప్పడానికి లేదు. ఆ పథకం ఆకృతికి మాత్రం ఈ వివరణ సరిపోతుంది.

## ఒకే దారిన రానివాళ్లు

ఇదే అనుభవం మరొకరికి మరోలా ఉపయోగపడింది. టొరంటోలోని పార్క్‌డేల్–హై పార్క్‌లో న్యూ డెమొక్రటిక్ పార్టీ (ఎన్డీపీ) సభ్యురాలు చెరీ డినోవో కార్యాలయంలో పనిచేసిన భుటీలా కార్పోచే, 2018లో అదే స్థానం నుంచి దాదాపు 59 శాతం ఓట్లతో గెలిచారు. ఉత్తర అమెరికాలో ప్రజాపదవికి ఎన్నికైన తొలి టిబెటన్ మూలాల వ్యక్తి ఆమె. పార్క్‌డేల్‌లో టిబెటన్ల జనాభా ఎక్కువ. జులైని టిబెటన్ వారసత్వ మాసంగా గుర్తించే 2020 నాటి చట్టం ఆమె పెట్టిన బిల్లే. ఏడేళ్లూ ప్రతిపక్షంలోనే ఉండటంతో ఫైలుకూ విధానానికీ మధ్య మెక్‌లౌడ్ ఎదుర్కొన్నంత ఘర్షణ ఆమెకు ఎదురుకాలేదు. 2025లో ఫెడరల్ ఎన్నికలకు మారి ఓడిపోయారు. పేరు ఆ ప్రాంతంలో ఎంత గట్టిదైనా, దేశవ్యాప్త గాలి వీచే ఫెడరల్ ఎన్నికలో అది సరిపోకపోవచ్చు.

తెలుగు మూలాలున్న నాయకులు వచ్చిన దారి వేరు. 2011లో మిస్సిసాగా ఈస్ట్–కుక్స్‌విల్ నుంచి లిబరల్‌గా గెలిచి మంత్రి అయిన దీపికా దామెర్ల బ్యాంకింగ్ రంగం నుంచి వచ్చారు. 2018లో ఓడినా అదే ఏడాది మిస్సిసాగా కౌన్సిలర్‌గా గెలిచి, 2024లో మేయర్ ఉప ఎన్నికలో మూడో స్థానంలో నిలిచారు. మరో ప్రొవిన్స్ ఆల్బెర్టాలో ప్రసాద్ పండా ఇంజినీరు. 2015 సెప్టెంబరులో కాల్గరీ–ఫుట్‌హిల్స్ ఉప ఎన్నికలో గెలిచి, 2019లో మౌలిక వసతుల మంత్రి అయ్యారు. కెనడాలో స్థిరపడిన మొదటి తరం తెలుగువాళ్లలో ఎక్కువమంది వృత్తి ఉద్యోగాలతో వెళ్లినవాళ్లు. తక్కువ జీతం, సభ్యుడు ఓడితే ఆ రోజుతోనే ముగిసే కొలువు వాళ్లకు గిట్టుబాటు కాదు. 2018లో లిబరల్స్ 124లో ఏడు స్థానాలకు పడిపోయినప్పుడు పదుల సంఖ్యలో కార్యాలయాల సిబ్బంది ఒక్క రాత్రిలో ఉద్యోగం కోల్పోయారు. ఈ దారి ఇక రెండో తరానిదే కావచ్చు.

## ఎక్కడ బెడిసికొడుతుంది

పార్టీకీ కార్యాలయానికీ మధ్య గీత చెరగడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. ఫైళ్లలోని పేర్లు, ఫోన్ నంబర్లు పార్టీ ఓటర్ల జాబితాలోకి ఎక్కించకూడదు. ఆఫీసు ప్రింటర్ మీద ప్రచార కరపత్రం కొట్టకూడదు. ఎన్నికల్లో పనిచేయాలనుకునే సహాయకులు పని వేళల బయటగానీ సెలవు పెట్టిగానీ చేయాలి. ఎన్నికలు ప్రకటించాక కార్యాలయం తెరిచే ఉంటుంది, కానీ ఫైళ్ల పని తప్ప మరేదీ జరగకూడదు. సభ్యుడు మంత్రి అయితే చిక్కు ఇంకోటి: నియోజకవర్గం మనిషి కోసం మంత్రి లెటర్‌హెడ్ వాడకూడదు. సొంత శాఖ అధికారికే ఫోన్ చేసినా అందరిలాగే సంప్రదింపు అధికారి ద్వారానే వెళ్లాలి.

కొత్తగా వెళ్లిన తెలుగు కుటుంబాలు తరచూ తప్పు తలుపు తడతాయి. తల్లిదండ్రుల సూపర్ వీసా, శాశ్వత నివాసానికి పీఆర్ కార్డు, పౌరసత్వం, పాస్‌పోర్టు ఫెడరల్ ఎంపీ కార్యాలయం పని. ఆరోగ్య కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, జనన ధ్రువపత్రం, అద్దె తగాదాలు, వలసకు ప్రొవిన్స్ సిఫారసు కోరే ఒంటారియో నామినీ దరఖాస్తు శాసనసభ్యుడి కార్యాలయం పని. వెళ్లేటప్పుడు ఫైలు నంబరు, శాఖ నుంచి వచ్చిన చివరి ఉత్తరం, ఎవరి పేరిట ఫైలు ఉందో వాళ్ల సంతకం తీసుకెళ్లాలి. రుసుము ఏమీ ఉండదు. ఎవరైనా అడిగితే అది కార్యాలయం మనిషి కాదని అర్థం.

మెక్‌లౌడ్ 2022లో మళ్లీ గెలిచినా మంత్రివర్గంలో లేరు. మానసిక ఆరోగ్య సమస్యతో పోరాడుతున్నట్టు అంతకుముందే బహిరంగంగా చెప్పారు. 2025 ఫిబ్రవరి 27 ఎన్నికల్లో పోటీ చేయలేదు. నెపియన్ స్థానాన్ని లిబరల్ అభ్యర్థి టైలర్ వాట్ గెలుచుకున్నారు. ఇలా సభ్యుడు మారినప్పుడు పాత కార్యాలయానికి ఇచ్చిన సమ్మతి కొత్తవాళ్లకు వర్తించదు. నడుస్తున్న ఫైలు ఉన్నవాళ్లు కొత్త కార్యాలయంలో మళ్లీ సంతకం పెట్టి, తమ దగ్గరున్న ఉత్తరాల నకళ్లు ఇచ్చి మొదలుపెట్టాలి. పార్టీ మారిందని ఫైలు ఆగదు గానీ, సంతకం లేకపోతే ఆగుతుంది.